కుడిచేయి ఖాళీగానే యున్నది

ప్రభుత్వ డయాలిసిస్ కేంద్రములను పర్యవేక్షించు వైద్యాధికారులకును, ఆసుపత్రి అభివృద్ధి సంఘముల సభ్యులకును, జిల్లా గ్రంథాలయ సంస్థల పాలకులకును ఒక రోగి వ్రాయు బహిరంగ లేఖ

మహాశయులారా,

గత మాసమున ఒక మంగళవారము ఉదయము, మా డయాలిసిస్ కేంద్రములో కిటికీ ప్రక్కన రెండు సంవత్సరములుగా నిలిచియున్న నాలుగు అరల ఇనుప బీరువాను ఇద్దరు పనివారు మోసికొనిపోవుచుండగా, సూదులు గ్రుచ్చిన చేతిని కదల్పరాదు గనుక, మేమందరమును మంచములపై పండుకొనియే చూచుచుంటిమి. ఆ బీరువాలో ప్రభుత్వ ధనముతో కొన్న వస్తువు ఒక్కటియు లేదు. రోగులు తమ యిండ్లనుండి తెచ్చిన నవలలు, పాత వారపత్రికలు, అట్టలు చినిగిన చందమామలు, గళ్ళ నుడికట్టులను కత్తిరించి అంటించిన రెండు నోటు పుస్తకములు, ఒక పెద్దబాలశిక్ష, నేను కొనిపోయి యుంచిన భారత పర్వములు, ఇవియే అందున్న సంపద. గోడకు అంటించిన ఉత్తరువులో మూడు కారణములు చెప్పబడినవి: పుస్తకముల వలన దుమ్మును క్రిములును వ్యాపించుననియు, ఒకరు చదువగా పలువురు వినుట వలన వార్డులో సద్దు కలుగుచున్నదనియు, రోగులకు కావలసినది విశ్రాంతియే గాని పఠనము కాదనియు. మొదటి రెండింటికి సమాధానము కలదు; తరువాత చెప్పెదను. ఆ మూడవ వాక్యమే నాచేత ఈ లేఖ వ్రాయించుచున్నది. దానిని ఏ ఒక్క అధికారి తప్పిదముగను నేను తలంపను. అందున్న దృష్టి మీలో పెక్కుమందిది గనుకనే పేరు పెట్టి ఒకరికి వ్రాయక, మీకందరకును బహిరంగముగ వ్రాయుచున్నాను.

నేను ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను. ఐదేండ్లుగా వారమునకు మూడుసార్లు, ప్రతిసారియు నాలుగు గంటలు, మీ మంచముపై పరుండువాడను. మాలో దీనిని "మిషను ఎక్కుట" యందురు. వారమునకు 12 గంటలు, సంవత్సరమునకు 624 గంటలు, ఐదేండ్లకు 3,120 గంటలు. ఉపాధ్యాయుడను గనుక నాకు తెలిసిన కొలతతోనే చెప్పెదను: ఒక బాలుడు దినమునకు ఐదు గంటల చొప్పున బడిలో గడుపు కాలముతో పోల్చినచో, ఇది ఇంచుమించు మూడు విద్యాసంవత్సరములు. మూడేండ్లపాటు ఒక తరగతిని గదిలో కూర్చుండబెట్టి, పుస్తకము లాగికొని, "మీకు కావలసినది విశ్రాంతి" యని చెప్పు ప్రధానోపాధ్యాయుని మీరు ఏమందురు?

ఆ నాలుగు గంటలు ఎట్టివో మీలో కొందరు కాగితములపై మాత్రమే చూచియుందురు. ఎడమచేతి యందు ధమనిని సిరతో కలిపి కుట్టి ఏర్పరచిన ఫిస్టులా ఉండును. చెవి యొద్ద పెట్టినచో లోపల తుమ్మెద మ్రోసినట్లు వినబడును. దానిలో రెండు సూదులు. ఒకదాని నుండి నిమిషమునకు సుమారు పావులీటరు రక్తము వెలుపలికి పోయి, వడపోయబడి, రెండవదాని గుండ మరల లోనికి వచ్చును. నా ఒక్కని రక్తమును ఒకసారి కడుగుటకు సుమారు 120 లీటర్ల శుద్ధజలము వ్యయమగును. నేను త్రాగదగినదియో, దినమంతటికిని లీటరునకు లోపే. కొబ్బరినీరు కూడదు, అరటిపండు కూడదు. మొదటి గంట చలితోను, రెండవ గంట దాహముతోను గడచును. మూడవ గంటలో ఒక్కొక్కప్పుడు రక్తపుపోటు పడిపోయి కన్నులు మసకబారును. పిక్కలు పట్టి, ఉన్నపళముగా అరచినవారిని నేనెరుగుదును. నాలుగవ గంటలో మనుష్యుడు గోడ గడియారము తప్ప మరేమియు చూడడు. ఎడమచేయి మీది. కుడిచేయి మాత్రము ఖాళీగానే యుండును. ఆ ఒక్క చేతితో పుస్తకము పట్టుకొనుటయు, బొటనవ్రేలితోనే పుట త్రిప్పుటయు మేము నేర్చికొంటిమి. బరువైన గ్రంథము పనికిరాదు, రొమ్ముపై పడును; నూరు పుటలకు మించని పలుచని పుస్తకములను, పెద్ద అక్షరములవానిని, ఒక్కచేతి పుస్తకములని మాలో మేము వేరు చేసి పై అరలో పెట్టుకొంటిమి. ఇంత యోచన చేసి మేము నిర్మించుకొన్న ఏర్పాటును దుమ్మని పేర్కొనుట న్యాయమా?

మూత్రపిండములు చెడినవారిలో, రక్తహీనత వలనను, రక్తపుపోటు హెచ్చుతగ్గుల వలనను, రక్తమున మిగిలిపోవు మలినముల వలనను, జ్ఞాపకమును ఏకాగ్రతయు సన్నగిల్లుటయు, విషాదము ఆవరించుటయు సామాన్యమని మీ వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. చదువు ఆ క్షీణతను ఆపునని నేను వాదింపను. అట్టి మాట చెప్పుటకు నాకు అధికారము లేదు. నాకు తెలిసినది నా తల సంగతి మాత్రమే. రెండవ సంవత్సరమున ఒకనాడు, ఐదేండ్లు నా తరగతిలో చదివిన శిష్యుడు ఎదురుపడగా అతని పేరు స్ఫురింపక, ఇంటికి వచ్చి గదిలో తలుపు వేసికొని కూర్చుంటిని. ఆనాటినుండి మిషను ఎక్కినప్పుడెల్ల ప్రభవాది సంవత్సరముల పేర్లు అరువదింటిని అక్షయనుండి వెనుకకు చెప్పికొనుట అలవరచుకొంటిని. కొన్ని దినములలో విరోధికృతు దగ్గరనే ఆగిపోవుదును. కొన్ని దినములలో ప్రభవ వరకు పోవుదును. ఆ వెనుకనడక చేతనైన దినమున నేను రోగినన్న మాట మరచి ఇంటికి వచ్చెదను. ఏమియు చేతగాని దినములును కలవు; ఆ దినములలో పుస్తకము వంక చూడబుద్ధియు కాదు, ఎవరును చూడమని బలవంతపెట్టను కూడదు. కాని చదువలేని దినమునకును, చదువనీయని దినమునకును భేదము లేదా?

మీ కేంద్రముల గోడలపై "మనస్సును ఉల్లాసముగా ఉంచుకొనుడు, ఏదో ఒక వ్యాపకము కల్పించుకొనుడు" అని రంగుల అక్షరములతో వ్రాయించితిరి. సలహా మంచిదే. అయితే ఆ సలహాను పాటించుటకు సాధనము ఏది? ఉపవాసముండువానికి భోజనము యొక్క గుణములు వర్ణించి చెప్పినంత మాత్రమున మీ బాధ్యత తీరినదని అనుకొందురా?

మీరు సద్దు అన్నదేమో, అదియు చెప్పవలసియున్నది. నా ప్రక్క మంచముపై ఒక ఆటో నడుపువాడు ఉండును. మూడవ తరగతితో బడి మానివేసి, ఉన్న నాలుగు అక్షరములను మరచిపోయినవాడు. వయస్సు నలుబదికి లోపే. "మాస్టారూ, ఊరికే పడుకోని సూరు సూసే కంటె, నాకు అచ్చరాలు సెప్పగలరా?" అని ఒకనాడు తానై అడిగెను. మా ఇద్దరి మంచముల నడుమ మూడడుగుల ఎడము. పెద్దబాలశిక్షను నేను కుడిచేత పట్టుకొని చూపుదును. అతడు గాలిలో వ్రేలితో దిద్దును. నాలుగు మాసములలో అచ్చులును హల్లులును వచ్చినవి. ఐదవ మాసమున నర్సమ్మగారు కేసుషీటు మంచము కొనకు తగిలించి పోగా, అతడు మెడ ఎత్తి, కూడబలుకుకొనుచు, దానిపై నున్న తన పేరును తానే చదివికొనెను. చదివి ఏమియు అనలేదు. చాలసేపు దానివంకనే చూచెను. నా ముప్పదినాలుగేండ్ల ఉద్యోగములో అంతటి ఫలితమును నేను చూచినది అరుదు. ఆ తర్వాత ఉద్దానమునుండి వచ్చు కొబ్బరితోటల వృద్ధుడొకడు, యౌవనములో నాటకములు ఆడినవాడు, చదువు లేకయే గయోపాఖ్యానములోని పద్యములు పెక్కు కంఠస్థముగ నున్నవాడు, తనకు వచ్చిన పద్యములను మెల్లగా చదివి వినిపించుచుండగా, ఇంటర్మీడియట్ మధ్యలో ఆపివేసిన ఒక బాలిక వానిని నోటు పుస్తకములో వ్రాసికొనుచుండెను. మీరు విన్న సద్దు ఇదియే. యంత్రముల అలారములు రోజంతయు కూయుచున్న గదిలో, ఈ మెల్లని గొంతులేనా మీకు వినరానివైనవి?

ఉద్దానమన్నంతనే మీకు సమీక్షా సమావేశములు జ్ఞాపకము వచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల గ్రామములలో పెక్కు యిండ్లలో ఈ వ్యాధి ఉన్నదనియు, దాని మూలకారణము ఇంకను నిశ్చయముగా తేలలేదనియు మీకు నాకంటె బాగుగా తెలియును. ఆ పల్లెలనుండి వచ్చువారిని గురించి మీ పట్టికలలో క్రియాటినిన్ ఉన్నది, హిమోగ్లోబిన్ ఉన్నది, పొడి బరువు ఉన్నది. ఆ వృద్ధునికి పద్యములు వచ్చునన్న సంగతి ఏ గడిలో వ్రాసికొంటిరి?

క్రిముల మాటకు వత్తును. ఆ భయమును నేను చులకన చేయను. డయాలిసిస్ గదిలో శుచిత్వము ప్రాణములతో సమానము. కాని మా గదిలో అందరును ముఖ్యముగా భయపడవలసిన కామెర్ల వైరసులు రక్తము మూలమున వ్యాపించునవి. అందుకే ఆ వ్యాధిగలవారికి వేరు యంత్రము నియమించితిరి. పుస్తకమునకు ప్లాస్టిక్ అట్ట వేసి, వాడిన పిదప తుడువవచ్చును. రక్తపు చుక్క పడిన పుస్తకమును పారవేయవచ్చును. ముట్టుటకు ముందును పిదపను చేతులు శుద్ధి చేసికొమ్మని మాకు చెప్పవచ్చును. మేము చిన్నపిల్లలము కాము. దుమ్ము మంచముల క్రింద పేరుకొన్నప్పుడు మంచములను తీసివేయుదురా, దుమ్మును తుడిపింతురా? టెలివిజను ఉన్నది గదా యని మీలో ఒకరు అనిరట. ఉన్నది; ఒక్కటే, తలుపు పైన. అది చూపినది చూడవలెను, అది ఆపినప్పుడు ఊరకుండవలెను. సెల్‌ఫోను అందరికిని లేదు. ఉన్నవారిలో సగము మందికి ఆ చిన్న అక్షరములు కానరావు.

ఇక విశ్రాంతి. ఈ మాట మీచేత పలికించినది దయయే యని నమ్ముచున్నాను; కాని ఆ దయ సగము దూరమే వచ్చి ఆగినది. ఆ బీరువాలో శాంతిపర్వము కూడ ఉండెను. మూడేండ్లలో ఆదిపర్వమునుండి బయలుదేరి, ఒక్కచేతి చదువుతో, నేను దానికి చేరుకొంటిని. మిషనుపై పరుండి అందలి భీష్ముని ఘట్టమును చదువుట వేరు, తరగతిలో నిలువబడి చెప్పుట వేరు. భీష్ముడు అంపశయ్యపై నుండగా, ధర్మజునకు ధర్మములు బోధింపుమని శ్రీకృష్ణుడు కోరును. శరీరమంతయు శరములతో మండుచున్నదని, బుద్ధి స్పష్టముగ లేదని, వాక్కు ఆడుటలేదని ఆ వృద్ధుడు చెప్పికొనును. అప్పుడు వాసుదేవుడు "అయితే విశ్రమింపు" మని వెడలిపోలేదు. బాధయు బడలికయు ఆకలిదప్పులును నిన్ను అంటకుండుగాక, నీ జ్ఞానము ప్రకాశించుగాక యని వరమిచ్చెను. మరునాడు పాండవులు మరల వచ్చి, ప్రశ్నలు అడుగ నారంభించిరి. తరగతిలో ఈ భాగమును ఎన్నిసార్లో చెప్పితిని గాని, బాధ తొలగించుటయు, ఆ పిమ్మట ప్రశ్నించుటయు రెండును కలిసియే ఒక ఉపచారమన్న సంగతి నాకు అప్పుడు తోచలేదు. మీరు మొదటిది చేయుచున్నారు. ఐదేండ్లుగా నన్ను బ్రదికించుచున్నందుకు కృతజ్ఞతతో చేతులు జోడించుచున్నాను, జోడింపగల దినములలో. రెండవదానిని ఎవరు చేయవలెను?

1960 వరకు దీర్ఘకాలిక మూత్రపిండ వైకల్యమన్నచో ఇంచుమించు మరణమే. ఆ సంవత్సరమున అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు, ప్రతిసారి క్రొత్త నాళమును కోయనక్కరలేకుండ, చేతియందే నిలిచియుండు గొట్టమును అమర్చి, ఈ చికిత్సను దినములనుండి ఏండ్లకు పొడిగించెను. 2016 నుండి మన దేశమున జాతీయ డయాలిసిస్ కార్యక్రమము పేదలకు ఉచితముగ దీనిని జిల్లా ఆసుపత్రులకు తెచ్చెను. అనగా, శాస్త్రజ్ఞులును ప్రభుత్వమును కలిసి మాకిచ్చినది ఆయుర్దాయము. ఆ ఆయుర్దాయములో ఒక పెద్ద భాగము మీ మంచముపైననే గడచును. ఆ భాగమునకు పాలకులు మీరే. అందులో మేము ఏమి చేయుదుమో మీకు సంబంధము లేదని చెప్పుట కుదురునా?

గ్రంథాలయ సంస్థల పాలకులారా, ఇంతవరకు మీరు ఈ లేఖను పరులకు వ్రాసినదానివలె చదివియుందురు. బీరువాను తీసినది మీరు కారు, నిజమే. కాని అది మీ బీరువా కాకపోవుటయే నా ఫిర్యాదు. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ప్రకారము, మా ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము మీ సంస్థలకు చేరవలసియున్నది. రోగి యింటికి ఆ సుంకములో మినహాయింపు లేదు, మేము అడుగనులేదు. చెల్లించుచున్నాము; కాని మీ పఠనమందిరము మెట్లు ఎక్కి వచ్చి కూర్చుండు శక్తి మాకు లేదు. రాలేని పాఠకుని యొద్దకు పుస్తకము పోవుట ఈ దేశమునకు క్రొత్తయా? 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి ప్రాంతమున పడవలో పుస్తకములు పెట్టి కాలువ వెంట పల్లెలకు పంపిరి. నాడు గ్రంథాలయోద్యమకారులకు సుంకము లేదు, చట్టము లేదు, జీతములు లేవు. పడవలో పల్లెలకు అందిన పుస్తకము, జిల్లా కేంద్ర గ్రంథాలయమునుండి అదే ఊరిలోని ఆసుపత్రికి అందకుండుటకు అడ్డము ఏమి? పుస్తకములు ఉపయోగించుటకే యనియు, ప్రతి పాఠకునికిని అతని పుస్తకము దొరకవలెననియు గ్రంథాలయశాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో సూత్రీకరించిన దానిని మీ ఉద్యోగులు పరీక్షలకు చదివియే వచ్చిరి గదా? ఆ పాఠకులలో సూదులు గ్రుచ్చుకొని పండుకొన్నవాడు చేరడా?

మా ఉత్తరాంధ్రమున పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపక ఈ లేఖ ముగింపలేను. గిరిజనులైన సవరల భాష నేర్చుటకై కొండలలో తిరిగి, మలేరియా పాలై, దానికి తినిన క్వినైను వలన వినికిడి పోగొట్టుకొనిరి. మాటల చప్పుడే ఆధారముగ పనిచేయు భాషావేత్తకు చెవులు పోవుట ఎంతటి దెబ్బయో చెప్పనక్కరలేదు. అయినను సవర భాషకు వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువరించిరి. అప్పటికి ఆయన డెబ్బదియేండ్లకు అటునిటు నుండిరి. ఆయన కూడదన్న గ్రాంథికముననే నేను ఈ లేఖ వ్రాయుచున్నాను. చిన్ననాడు అబ్బిన చదువు ఇది, మానజాలనైతిని, అంతియే గాని ఆ మహనీయుని యెడ అవిధేయత కాదు. మాలో అందరును గిడుగువారు కారు. కాని ఆయనకు కాగితమును కలమును అందకుండ చేసి "మీకు విశ్రాంతి కావలె" నని ఎవరైనను చెప్పియుండినచో, సవరలకు ఆ వ్యాకరణము ఉండెడిదా?

మేము కోరునది కొంచెమే. తీసిన బీరువాను తిరిగి పెట్టింపుడు. కేంద్ర గ్రంథాలయమునుండి మూడు మాసములకొకసారి నూరు పుస్తకములు, పలుచనివి, పెద్ద అక్షరములవి, మార్చి పంపింపుడు. తెలుగుతోపాటు సరిహద్దు పల్లెలవారికి ఒడియావి కూడ ఉండవలెను. చదువు రానివారికి, చూపు మందగించినవారికి, వారమున ఒకటి రెండు గంటలు వచ్చి చదివి వినిపించుటకు విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి ఊరిలోను కలరు. వారిని అడుగుడు, మా వృత్తిలోనివారు కాదనరు. తలవెనుక నున్న దీపమును ప్రక్కకు జరిపించినచో పుటపై మా నీడయే పడకుండును. మా కేంద్రమున జరిగినది తెలిసి, మరియొక జిల్లాలో ఇట్టి ఉత్తరువే ముసాయిదాగా ఉన్నచో, దానిపై సంతకము పెట్టుటకు ముందు ఒక్క ఉదయము ఆ గదికి వచ్చి, నాలుగు గంటలు, చేతిలో ఏమియు లేకుండ, ఎడమచేయి కదల్పక, మా నడుమ ఒక మంచముపై పండుకొని చూడుడు.

మా బీరువా ఇప్పుడు మెట్ల క్రింద ఉన్నదట. తాళపుచెవి కార్యాలయమున నున్నదట. ఆటో నడుపు నా శిష్యుడు గుణింతములు ముగించి ఒత్తులకు వచ్చియుండెను. "మాస్టారూ, మన బుక్కు ఎప్పుడిస్తారంట?" అని ప్రతి పర్యాయమును అడుగుచున్నాడు. ఎల్లుండి గురువారము ఉదయము 6 గంటలకు మేమిద్దరమును మరల మిషను ఎక్కెదము. అతడు మరల అడుగును. ఏమని చెప్పుమందురు?

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు